యోకాయ్‌లు ఇన్ని ఉన్నా నవలలో భయం ఎందుకు పుట్టడం లేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. జపాన్ పురాణాలు, జానపద కథల ఆధారంగా తెలుగులో డార్క్ ఫాంటసీ నవల రాస్తున్నారు. యోకాయ్‌లు, అంటే అక్కడి భూతాలు, బోలెడున్నాయి: కొమ్ముల రాక్షసులు ఓనీలున్నాయి, తొమ్మిది తోకల నక్క ఉంది, ఏట్లో నీటి భూతం కప్పా ఉంది, చివర్లో యమలోకం కూడా ఉంది. చదివినవాళ్లంతా "బాగుంది, అనిమే చూసినట్టుంది" అంటున్నారే తప్ప భయపడ్డామని ఒక్కరూ అనడం లేదు. మూడో భాగంలో హీరో ఓనీల రాజును ఎలా చంపితే రక్తి కడుతుందో కూడా చెప్పమన్నారు. మీరు పెట్టిన సారాంశం, మొదటి అధ్యాయం రెండూ చదివాను. హారర్, ఫాంటసీ సీరియళ్లు దిద్దడం చాలాకాలంగా నా పని. కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

మీ లోకంలో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. ఓనీల రాజు ఓనీ కాబట్టి చెడ్డవాడు, నక్క నక్క కాబట్టి మాయలాడి. జపాన్ భయానక కథలకు ఊపిరి పోసేది భూతం కాదు, దానికి ముందు జరిగిన తప్పు. ఆ తప్పు చేసినవాళ్లు ఇంకా హాయిగా బతుకుతూ ఉండటం. మీ నవలలో ఆ ముందు భాగం లేదు.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిదే కాదులెండి. యోకాయ్ అనగానే మనకు ముందు దొరికేది జాబితా: పేరు, బొమ్మ, శక్తి, బలహీనత. ఆ జాబితా పద్ధతి నిన్నమొన్నటిది కాదు. 1776లో తోరియామా సెకియెన్ అనే చిత్రకారుడు యోకాయ్‌ల బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. అది బాగా పోవడంతో దానికి కొనసాగింపులు కూడా తెచ్చాడు, వాటిలో కొన్ని భూతాలను తనే కల్పించాడు. అప్పటికే ఎడో పట్నంలో, అంటే నేటి టోక్యోలో, యోకాయ్ సరదా సరుకైపోయింది. పిల్లలు యోకాయ్ బొమ్మల పేకముక్కలతో ఆడుకునేవాళ్లు. పెద్దవాళ్లు రాత్రిపూట వంద దీపాలు వెలిగించి, ఒక్కో కథకు ఒక్కో దీపం ఆర్పుతూ పోటీలు పెట్టుకునేవాళ్లు. మీరు అనిమేల్లో చూసిన చాలా భూతాల వంశవృక్షం అక్కడికే పోతుంది. వాడుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే మీకు కావలసిన చీకటి అందులో దొరకదు. ఇంకా వెనక్కి వెళ్లాలి.

సుగవారా నో మిచిజానే కథ తెలుసా? తొమ్మిదో శతాబ్దపు పండితుడు, కవి. చదువు బలంతో పెద్ద మంత్రి పదవి దాకా ఎదిగాడు. ఆస్థానాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఫుజివారా వంశానికి అది గిట్టలేదు. రాజద్రోహం అంటగట్టి 901లో క్యోటో నుంచి దూరాన క్యూషూ దీవిలోని దజైఫుకు తోలేశారు. రెండేళ్లకు అక్కడే దిక్కులేకుండా పోయాడు. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఆయన్ని దెబ్బతీసిన ఫుజివారా నో తోకిహిరా 909లో నడివయసు కూడా దాటకుండానే చనిపోయాడు. 923లో యువరాజు పోయాడు. దాంతో కంగారుపడి చచ్చిపోయిన మిచిజానేకు పాత పదవి తిరిగి ఇచ్చారు. పగ చల్లారలేదు. 930లో చక్రవర్తి ఉండే భవనం మీదే పిడుగు పడి సభలోని పెద్దలు చనిపోయారు. కొన్ని నెలల్లోనే చక్రవర్తి దైగో కూడా కన్నుమూశాడు. 947లో క్యోటోలో ఆయనకు గుడి కట్టారు. తర్వాత ఇంకా పెద్ద పదవి కూడా ఇచ్చారు. చచ్చినవాడికి ప్రమోషన్ మీద ప్రమోషన్. ఇప్పుడు ఆయన చదువుల దేవుడు. పరీక్షల ముందు పిల్లలు వెళ్లి మొక్కుకునేది ఆయనకే.

ఇందులో ఎవరూ కత్తి దూయలేదని గమనించండి. ఏ మాంత్రికుడూ పిడుగును ఆపలేదు. తప్పు చేసినవాళ్లు వణికిపోయి, లెంపలేసుకుని, గుడి కట్టి పూజ మొదలుపెట్టారు. పగబట్టినవాడు దేవుడయ్యాడు. అంటే ఆ దేవుడి కింద ఆ పగ అలాగే ఉంది. పూజ ఆగిన రోజున ఏమవుతుందన్న టెన్షన్ కూడా అలాగే ఉంది. ఈ తర్కం మీకు కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో పేరంటాళ్ల గుళ్లు చూడలేదా? అకాలంగా పోయిన ఆడబిడ్డకు ఏటా చీర, పసుపుకుంకుమలు పెట్టే ఇళ్లు తెలియవా? ఆ గుళ్లను తీసుకెళ్లి జపాన్‌లో దించమని కాదు. అక్కడి మనుషులు ఎందుకు భయపడతారో పట్టుకోవడానికి మీకు పుస్తకాలు అక్కర్లేదని చెప్తున్నాను, అంతే.

ఇంకో మనిషి సుతోకు, మాజీ చక్రవర్తి. 1156లో సింహాసనం కోసం జరిగిన పోరులో ఓడిపోయాడు, సానుకి అనే దూర ప్రాంతానికి ప్రవాసం వెళ్లాడు, 1164లో అక్కడే పోయాడు. తను చేత్తో రాసిన బౌద్ధ సూత్రాలను రాజధాని వెనక్కి పంపేసిందని, ఆయన నాలుక కొరుక్కుని ఆ రక్తంతో శాపం రాశాడని, బతికుండగానే తెంగూ అనే కొండ భూతంలా మారాడని యుద్ధగాథలు చెప్తాయి. గాథను పక్కన పెట్టినా జరిగింది చాలు. 1868లో, ఆధునిక జపాన్ మొదలైన ఆ ఏడాదే, కొత్త ప్రభుత్వం సానుకికి దూతను పంపి ఆయన ఆత్మను క్యోటోకు పిలిపించి గుడిలో కూర్చోబెట్టింది. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ బాకీ వాళ్ల పద్దులో ఉంది! ఆ గుడి స్థలం ఒకప్పుడు కాలితో బంతాట నేర్పే వంశంవారి ఇల్లు. అందుకని ఇప్పుడు ఫుట్‌బాల్ ఆటగాళ్లు వెళ్లి గెలిపించమని మొక్కుకుంటారు. ఇలాంటి విడ్డూరాలు మీ కథలోకి వస్తే రానివ్వండి. అంతా నలుపే అయితే నలుపు కనపడదు.

పదవి ఉన్నవాళ్ల పగ రాజధాని మీద పడుతుంది. లేనివాళ్ల పగ ఇంట్లోనే తిరుగుతుంది. 1825లో ఎడోలో ఆడిన ఒక కబుకీ నాటకంలో ఓయివా అనే ఇల్లాలు ఉంటుంది. బాలింత. మొగుడు ఇయెమోన్‌ను అల్లుడిగా చేసుకోవాలని పక్కింటి డబ్బున్నవాళ్లు ఆమెకు బలానికి మందని చెప్పి విషం పంపుతారు. ఆమె కళ్లకద్దుకుని తాగుతుంది. ముఖం వికారమైపోతుంది. ఆ తర్వాత వచ్చే సీనే నాటకానికి ప్రాణం. జరిగింది తెలిశాక, ఆ ముఖంతోనే పక్కింటికి వెళ్లి "కృతజ్ఞత" చెప్పి రావాలనుకుని తల దువ్వుకోవడానికి కూర్చుంటుంది. దువ్వెన పెట్టిన ప్రతిసారీ జుట్టు కుచ్చులుగా ఊడి వస్తుంది. ఆ జుట్టులోంచి రక్తం కారుతుంది. అప్పటికి ఆమె ఇంకా దెయ్యం కాలేదు. తల దువ్వుకుంటున్న ఆడమనిషి, అంతే. ప్రేక్షకుడు అక్కడే గడ్డకట్టుకుపోతాడు. దెయ్యమై వచ్చాక నిజానికి కొంచెం తేలికపడతాడు కూడా, ఎందుకంటే ఇక దెబ్బలు తినేది ఇయెమోన్.

మీ సారాంశం ఐదో అధ్యాయంలో హీరో వాళ్లింటి పనిపిల్ల బావిలో పడి చనిపోతుంది. రెండంటే రెండు వాక్యాలు. హిమేజి కోట బావిలో పళ్లేలు లెక్కపెట్టే పనిపిల్ల దెయ్యం ఓకికు, ఈ ఛాయ తెలిసే పెట్టి ఉంటారు. కానీ ఆమెను ఎవరు తోశారో, ఎందుకు తోశారో, ఇంట్లో ఎవరెవరికి తెలుసో ఒక్క ముక్క లేదు. నక్కకు పదిహేను పేజీలిచ్చారు!

నక్క ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. తామామో నో మాయే అనే తొమ్మిది తోకల నక్క అందగత్తె వేషంలో క్యోటో ఆస్థానంలో చేరి, బయటపడిపోయి, చివరికి నాసు అనే చోట బండరాయి అయిందంటారు. దగ్గరికి వెళ్లిన ప్రాణులను చంపే రాయి. అగ్నిపర్వత ప్రాంతం, నేలలోంచి విషవాయువులు వస్తాయి, కాబట్టి కథకు కాళ్లున్నాయి. 2022 మార్చిలో ఆ రాయి రెండుగా చీలి కనిపించింది, నెట్ అంతా గగ్గోలు. మీకు పనికొచ్చే తీగ వేరే ఉంది. ఆ నక్క జపాన్ రాకముందు భారతదేశంలో ఒక రాజును పట్టుకుని వెయ్యి తలలు నరికించబోయిందని ఆ పురాణమే చెప్తుంది. ఆ రాజు బౌద్ధ కథల మీదుగా ప్రయాణించిన మన కల్మాషపాదుడు. ఆదిపర్వంలో శాపం తగిలి నరమాంస భక్షకుడైన ఆయనే.

ఇలాంటి నిజమైన దారులు ఇంకా ఉన్నాయి. వాళ్ల ఎన్మా మన యముడే. బెంజైతెన్ సరస్వతి. పిల్లల్ని ఎత్తుకుపోయి తినే యక్షిణి హారీతి, తన బిడ్డను బుద్ధుడు దాచేశాక కడుపుకోత అంటే ఏమిటో తెలిసి మారిన హారీతి, అక్కడ కిషిమోజిన్ పేరుతో పిల్లల్ని కాపాడే తల్లిగా పూజలందుకుంటోంది. ఆమెకు నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలో గుడి ఉండేది. తెలుగులో రాసేవాడికి ఇంతకంటే మంచి పాత్ర ఏముంటుంది? కానీ మీరు యమలోకం రాసిన తీరు చూస్తే చనిపోయిన దేవత ఇజనామి ఉండే యోమి, ఎన్మా తీర్పులిచ్చే నరకం ఒకటే అనుకున్నట్టున్నారు.

ఆ రెండూ వేరు. నరకం బౌద్ధంతో చైనా మీదుగా వచ్చింది. అక్కడ లెక్క, తీర్పు, శిక్ష ఉంటాయి. ఓనీలు అందులో జీతగాళ్లు. తల్లిదండ్రుల కంటే ముందు పోయిన పసిపిల్లలు ఎండిపోయిన ఏటి ఒడ్డున గులకరాళ్లు పేర్చుకుంటూ ఉంటే, ఓనీ వచ్చి ఇనుపగదతో కూలగొట్టి పోతుంది. మళ్లీ పేర్చాలి. పిల్లల్ని కాచే బోధిసత్వుడు జిజో వచ్చి తన అంగీ మడతల్లో దాచుకునేదాకా అంతే. యోమిలో ఇవేవీ ఉండవు. 712 నాటి కొజికి ప్రకారం ఇజనామి అగ్నిదేవుణ్ని కంటూ కాలిపోయి చనిపోయింది. ఆమె ఏ పాపమూ చేయలేదు. భర్త ఇజనాగి వెతుక్కుంటూ వెళ్తే, ఇక్కడి అన్నం తినేశాను, అయినా లోపల అడిగి వస్తాను, అందాకా నన్ను చూడొద్దు అంటుంది. అతను ఆగలేక దువ్వెన పన్ను ఒకటి విరిచి వెలిగిస్తాడు. పురుగులు పట్టిన శరీరం కనిపిస్తుంది. పరుగందుకుంటాడు. ఆమె తరుముతుంది. దారిని బండరాయితో మూసేశాక, రాయికి అటూ ఇటూ నిలబడి ఆ మొగుడూ పెళ్లాలు విడాకుల మాట మాట్లాడుకుంటారు. నీ జనంలో రోజుకు వెయ్యిమందిని చంపుతాను అంటుంది ఆమె. అయితే రోజుకు పదిహేను వందల పురిటి పాకలు వేయిస్తాను అంటాడు అతను.

ఆమె కోపానికి కారణం చావు కాదు, సిగ్గు. తనను ఆ స్థితిలో చూశాడు. మీ విలన్‌కు ఇలాంటి కారణం ఒక్కటి ఇవ్వండి, ఓనీ సైన్యాలు అక్కర్లేదు. బయటికి వచ్చాక ఇజనాగి చేసిన మొదటి పని మైల కడుక్కోవడం. ఆ స్నానంలోనే ఎడమ కన్ను కడిగితే సూర్యదేవత పుట్టింది. జపాన్ సొంత మతం షింతోలో పాపం కంటే మైల పెద్ద సంగతి. తప్పు చేయకపోయినా అంటుకుంటుంది, అదే దాని క్రౌర్యం. యోమిని, నరకాన్ని కలపొద్దని నేననను. 1868 దాకా అక్కడి జనం కలిపే పూజించారు. కలిపితే మాత్రం ఇద్దరు యజమానులున్న ఇల్లవుతుంది, మీ పాత్రలకు ఆ సంగతి తెలిసి ఉండాలి.

ఇక భాష దగ్గరికి వస్తాను. మీ మొదటి అధ్యాయంలో "భయంకరమైన", "వికృతమైన", "ఒళ్లు జలదరించే" అనే మాటలు ప్రతి పేరాలో ఉన్నాయి. వాటన్నిటినీ కొట్టేయండి. ఎలా రాయాలో చూడాలంటే ఇవాతే ప్రాంతపు తోనో జానపద కథలు చూడండి. ససాకి కిజెన్ అనే ఆ ఊరి యువకుడు చెప్తుంటే యనగితా కునియో రాసుకుని 1910లో అచ్చు వేశాడు. అందులో జషికి వరాషి ఉంటుంది, పాత ఇళ్ల గదుల్లో కనిపించే చిన్నపిల్ల. అది ఉన్న ఇల్లు కలిసొస్తుంది, వెళ్లిపోతే మునుగుతుంది.

ఒక ఊరివాడు పట్నం నుంచి వస్తూ వంతెన దగ్గర ఇద్దరు తెలియని అమ్మాయిలను చూస్తాడు. ఏదో దిగులుగా నడుస్తున్నారు. ఎక్కడినుంచి అని అడుగుతాడు. మాగోజాయెమోన్ వాళ్లింటినుంచి అంటారు. ఎక్కడికి అంటే, ఫలానా ఊళ్లో ఫలానా ఇంటికి అంటారు. అంతే. అతనికి అర్థమైపోతుంది, ఆ ఇల్లు అయిపోయిందని. కొన్నాళ్లకే మాగోజాయెమోన్ పెరట్లో చెట్టు చుట్టూ పుట్టగొడుగులు మొలుస్తాయి. తినొద్దని యజమాని అంటాడు. గోగునారలాంటి పుల్లలతో నీళ్లలో కలియతిప్పితే విషం పోతుందని ఒక పనివాడు అంటాడు. అందరూ తింటారు. ఇరవై మందికి పైగా ఒక్క రోజులో పోతారు. ఆటలో పడి భోజనానికి రాని ఏడేళ్ల పిల్ల ఒక్కతే మిగులుతుంది. అప్పుడు చుట్టాలు దిగుతారు. మాకింత బాకీ, మాకంత మాటిచ్చాడు అంటూ ఇంట్లో సామానంతా, ఆఖరికి మిసో (సోయా ముద్ద) జాడీలతో సహా ఎత్తుకుపోతారు.

భయపెట్టే విశేషణం ఒక్కటి లేదు చూడండి. చుట్టాల గురించి చెప్పేటప్పుడు కూడా గొంతు మారదు. ఆ తర్వాతి ముక్కలో, ఈ చావులకు ముందు ఆ ఇంట్లో గడ్డివాములో దొరికిన పాముల్ని యజమాని వద్దంటున్నా పనివాళ్లు సరదాకి చంపిన సంగతి కూడా వస్తుంది. ఇదీ కారణం అని ఎవరూ అనరు. పక్కన పెట్టి ఊరుకుంటారు. ఈ సంకలనంలోనే కప్పా బిడ్డను కన్న ఇల్లు, ఆ బిడ్డను ముక్కలు చేసి పాతిపెట్టిన కథ ఉంది. అది చదివాక మీ ఏట్లోని కప్పాతో హీరో దోసకాయ జోకులు వేయడం మీకే రుచించదు.

పాఠకుణ్ని భయపెట్టడానికి భూతం కంటే ఆచారం బాగా పనికొస్తుంది. అక్కడ బతికున్నవాళ్లు కిమోనో ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటారు, శవానికి కుడి అంచు పైకి తెస్తారు. అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిటారుగా గుచ్చేది చనిపోయినవాళ్ల తలాపున పెట్టే గిన్నెలోనే. దహనం తర్వాత ఎముకలను చాప్‌స్టిక్స్‌తో ఒకరినుంచి ఒకరు అందుకుంటారు కాబట్టి, భోజనం దగ్గర అలా అందుకోకూడదు. శవాన్ని ఉత్తరం తలగా పడుకోబెడతారు, ఇది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీటిలో ఒక్కటి ఎంచుకుని, ఏ రెండు అధ్యాయాల ముందో మామూలుగా చెవిన వేయండి. తల్లి కొడుక్కి బట్టలు తొడుగుతూ "అటు కాదురా, అలా శవానికి కడతారు" అని కసిరితే చాలు. తర్వాత ఇలాంటి సీన్ రాయండి:

సత్రం అవ్వ తడిసి వచ్చిన పిల్లాడికి పొడి కిమోనో తొడిగింది. కుడి అంచు పైకి తెచ్చి నడుము దగ్గర ముడి వేసింది.
"తప్పు కట్టావవ్వా" అన్నాడు వాడు.
అవ్వ ముడి విప్పలేదు. "మీ అమ్మ కూడా వస్తోందా?"
"వస్తోంది. వంతెన దగ్గర ఆగింది."
అవ్వ పెట్టెలోంచి ఇంకో కిమోనో తీసి పొయ్యి పక్కన ఆరేసింది.

దీని కింద వివరణ రాయకండి. చేతులు దురద పెడతాయి, అయినా రాయకండి.

కాలం సంగతి కూడా తేల్చుకోవాలి. మీ కథలో పదో శతాబ్దపు ఓన్మ్యోజీ మాంత్రికుడు, పదిహేడో శతాబ్దపు సమురాయ్, తుపాకీ ముగ్గురూ ఒకే వీధిలో ఉన్నారు. ఫాంటసీ కదా అంటారు, సరే. కానీ కాలం బిగువుగా ఉంటే కథకు ఇరుకు వస్తుంది, ఇరుకులోంచే భయం వస్తుంది. నన్నడిగితే 1868 నుంచి 1873 మధ్యలో పెట్టమంటాను. ప్రభుత్వం షింతోను, బౌద్ధాన్ని విడదీయమంది. ఊళ్లలో విగ్రహాలు పగిలాయి. 1872లో కొండల్లో తపస్సు చేసే షుగెందో సాధువుల సంప్రదాయాన్నే రద్దు చేశారు. అదే ఏడాది పాత పంచాంగం తీసేసి పాశ్చాత్య క్యాలెండర్ పెట్టడంతో ఆఖరి నెల రెండు రోజులకే అయిపోయింది, మర్నాడు 1873 జనవరి 1. ఇప్పుడు ఆలోచించండి: ఏటా ఆ నెలాఖరున ఒక కొండకు నైవేద్యం పెట్టే ఊరు. పెట్టే సాధువు లేడు, పెట్టాల్సిన రోజే క్యాలెండర్‌లో లేదు. ఆ కొండలో ఉన్నది జీవో చదవదు కదా.

ఇక మీరడిగిన చివరి సీన్. ఓనీల రాజును హీరో చంపకూడదు. అక్కడి కథల్లో చాలాసార్లు మనుషులే ఓనీలవుతారు, అసూయతోనో, అవమానంతోనో. అర్ధరాత్రి తల మీద కొవ్వొత్తులు పెట్టుకుని చెట్టుకు గడ్డిబొమ్మను మేకులతో కొట్టే ఆడమనిషి పుట్టుకతో ఓనీ కాదు. మీ ఓనీల రాజు ఎవరింటివాడు? నాకైతే అతను ఆ బావిలో పోయిన పనిపిల్ల అన్నో, నాన్నో అయితే బాగుంటుందనిపిస్తోంది. అప్పుడు హీరో కత్తి ఎత్తితే అదే ఇంటివాళ్లు చేసే రెండో హత్య అవుతుంది. ఎత్తకపోతే తన తండ్రి పేరు బయటపెట్టి, వంశం పరువు తీసుకుని, ఆ పిల్లకు గుడి కట్టాలి, తరతరాలు పూజ చేయాలి. ఏది ఎంచుకున్నా ఖర్చు అతనిదే. ముందు ఐదో అధ్యాయం మళ్లీ రాయండి, బావి దగ్గర ఆ రోజు ఎవరెవరున్నారో పేర్లతో సహా. అది పెట్టాక మూడో భాగం గురించి మాట్లాడదాం.